మెదిహా సలాములు

కెస్తానెలిక్ గ్రామం, రిజె జిల్లా
20 మే 1991

షాజియే అక్కకు,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. జవాబు రాయకపోవడానికి తేయాకు కోత ఒక కారణం, సిగ్గు ఇంకో కారణం. ముందు సిగ్గు సంగతి చెప్పేస్తాను.

మళ్ళీ ట్రాబ్‌జోన్ ఆసుపత్రికి వెళ్ళాను. ఇది మూడోసారి. ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్నే కుడి కణత దగ్గర మొదలై సగం తల పగిలిపోయేంత నొప్పి. వెలుతురు చూడలేను, పెనం మీద చేపల వాసన పడదు, ఒకటే వాంతులు. ఇస్తాంబుల్లో మన పెద్ద డాక్టరు అన్నాడు కదా, "ఈ బెహ్చెత్ జబ్బున్నవాళ్ళకి మామూలు తలనొప్పీ వస్తుంది, మామూలుది కానిదీ వస్తుంది. ఎప్పుడూ ఎరగని రకంగా ఉంటే మాత్రం ఇంట్లో కూర్చోకండి" అని. ఏది మామూలో, ఏది కాదో నాకెలా తెలుస్తుంది? వచ్చిన ప్రతి నొప్పీ కొత్తగానే ఉంటుంది. మా ఆయన యాకూప్ పక్కింటివాళ్ళ జీపు అడిగి తీసుకెళ్ళాడు. కొండ దారి, పైగా వాన. అక్కడ తల ఫొటో తీశారు. ఏమీ లేదు. "మైగ్రేనమ్మా. ఏ జబ్బూ లేనివాళ్ళకూ వస్తుంది. చీకటి గదిలో పడుకో" అన్నాడు డాక్టరు. పోయినేడు రెండుసార్లూ ఇదే మాట.

ఇంటికొచ్చేసరికి మా అత్త హనీఫే అరుగు మీద చుట్టుపక్కల ఆడవాళ్ళతో కూర్చుని ఉంది.

"ఏం కోడలా, ఈసారైనా దొరికిందా తలలో ఏదన్నా?" అంది.

"ఏమీ లేదట అత్తా."

"ఆ ముక్క నన్నడిగితే ఇంటి దగ్గరే చెప్పేదాన్నిగా!"

అందరూ నవ్వారు. నవ్వనీ. యాకూప్ కూడా నవ్వాడు అక్కా. వాన నీళ్ళు ఇంకా ఆరని కోటుతో నిలబడి నవ్వాడు.

నోట్లో పుళ్ళు లేస్తే వాళ్ళకు కనిపిస్తాయి. మోకాలు వాస్తే కనిపిస్తుంది. కన్ను ఎర్రబడితే అత్తే పరిగెత్తుకొచ్చి గోరువెచ్చని టీ నీళ్ళతో తుడుస్తుంది, ఆమె మనసు చెడ్డది కాదు. తలనొప్పి ఒక్కటే ఎవరికీ కనిపించదు. ఇక ట్రాబ్‌జోన్ పేరెత్తనని ఒట్టు పెట్టుకున్నాను.

రెండేళ్ళ కిందట ఇస్తాంబుల్ వార్డులో నీదీ, నాదీ, మెదిహాదీ మంచాలు పక్కపక్కన ఉన్న ఆ ఇరవైమూడు రోజులే మేలనిపిస్తుంది. అక్కడ తలనొప్పి అంటే ఎవరూ నవ్వలేదు. జబ్బు పరీక్షకని చేతికి సూది గుచ్చి వదిలేస్తే, రెండో రోజుకి ఎవరి పొక్కు పెద్దదవుతుందా అని మెదిహా పందేలు కట్టేది, గుర్తుందా? తనకు చదువు లేదు, తమ్ముణ్ణి బతిమాలి నీ ఒక్కదానికే రాయిస్తుందని తెలుసు. ఈసారి రాసేటప్పుడు నా సంగతీ చెప్పు. తనకీ తలపోటు ఉండేది కదా, ఇప్పుడెలా ఉంది?

నీ గులిజార్

*

కుతాహ్యా
9 జూన్ 1991

పిచ్చి గులిజార్,

మూడుసార్లు తల ఫొటో తీయించుకున్న రాణివి నువ్వు. నాకు నలభై ఏడేళ్ళొచ్చాయి, పెళ్ళి ఫొటో కూడా లేదు.

సరే, నవ్వావా? ఇప్పుడు విను. నాకు పదిహేనేళ్ళుగా ఈ జబ్బు. ఎడమ కన్ను తినేసింది. ఉన్న ఒక్క కంటితో పొద్దుటినుంచి సాయంత్రం దాకా పింగాణీ పలకల మీద కార్నేషన్ పూలు గీస్తాను. వారానికి రెండుసార్లు తలనొప్పి రాకపోతే ఆ వారం ఏదో వెలితిగా ఉంటుంది. మా కార్ఖానాలో రంగులు నూరే సబహత్‌కు ఏ జబ్బూ లేదు, గుర్రంలా ఉంటుంది, దానికీ తలనొప్పే. మన జబ్బుకి తోడు మనం మనుషులం కూడా కదే. మనుషులకొచ్చేవన్నీ మనకీ వస్తాయి.

కాబట్టి నొప్పి వస్తే రానీ. కిటికీ మూసుకో, తలకి గుడ్డ కట్టుకో, ఇచ్చిన మాత్ర వేసుకో. వచ్చిన చుట్టం వెళ్ళకుండా ఉంటుందా? నువ్వు హడావిడి చేసేకొద్దీ అది కాళ్ళు జాపుకు కూర్చుంటుంది. మీ అత్తతో పంతానికి పోకు. యాకూప్ నవ్వినందుకు మాత్రం నాలుగు రోజులు ఉప్పు లేని చారు పొయ్యి.

మెదిహా ఉత్తరం మొన్ననే వచ్చింది. బావుంది. తలపోటు తగ్గిపోయిందట, కోన్యా ఎండలకు ఎముకలు కూడా తేలిగ్గా ఉన్నాయట. "మా చిన్న గులిజార్‌కి సలాములు చెప్పు, పందెంలో ఓడిన మిఠాయి ఇంకా బాకీ ఉందని గుర్తు చెయ్యి" అంది.

ధైర్యంగా ఉండు. తేయాకు మీద వంగి వంగి నడుం విరగ్గొట్టుకోకు.

నీ షాజియే అక్క

*

కెస్తానెలిక్
24 జులై 1991

అక్కా,

నీ ఉత్తరం చదివి పడీపడీ నవ్వాను. ఉప్పు లేని చారు పోసే అవకాశం మాత్రం పోయింది. యాకూప్ ఉర్ఫా దగ్గర సొరంగం పనికి వెళ్ళాడు, శీతాకాలం దాకా రాడు. ఇంట్లో నేనూ, అత్తా, మా ఏడేళ్ళ ఎల్మాసూ.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. జూన్లో రెండుసార్లు పాత నొప్పి వచ్చింది. కిటికీ మూసుకుని పడుకున్నాను. అత్త బంగాళాదుంప చక్రాలుగా కోసి నుదుటి మీద పేర్చి గుడ్డతో బిగించి కట్టింది. "మా అమ్మ నాకు కట్టేది, ఫొటోలూ గిటోలూ లేవు" అంది. సాయంత్రానికి తగ్గింది. అత్త వాకిట్లో నిలబడి, "నా ఆసుపత్రిలో నయమైంది చూశారా!" అని కింద తోటలోవాళ్ళకి కేకేసి చెప్పింది. నాకూ నవ్వొచ్చింది. ఇన్నాళ్ళకి ఇంట్లో నా మీద గౌరవం పుట్టింది.

ఇప్పుడు రెండో కోత. కత్తెరకి సంచీ కట్టుకుని వాలు మీద కోసుకుంటూ పోవడమే. వంగినప్పుడు తల బరువుగా, లోపలేదో ముందుకు జారినట్టుగా ఉంటోంది, ఎండకేమో. పడుకుంటే ఇంకాస్త ఎక్కువవుతుంది కాబట్టి గోడకి దిళ్ళు పేర్చుకుని కూర్చునే నిద్రపోతున్నాను. దానికీ అలవాటు పడ్డాను. ఎల్మాస్ నన్ను "సుల్తాను" అని పిలుస్తోంది, సింహాసనం మీద నిద్రపోతానని.

మెదిహాకు నా ముద్దులు. మిఠాయి బాకీ తీరుస్తానని చెప్పు.

గులిజార్

*

కుతాహ్యా
11 ఆగస్టు 1991

గులిజార్,

కూర్చుని నిద్రపోవడమేమిటే? ఆ ఒక్క ముక్క నాకు నచ్చలేదు. పాత నొప్పి వచ్చినప్పుడు పడుకుంటే తగ్గేదన్నావు. ఇప్పుడు పడుకుంటే పెరుగుతోందంటున్నావు. రెండూ ఒకటేనా? ఎన్నాళ్ళనుంచి? పొద్దున లేవగానే ఎక్కువా, సాయంత్రం ఎక్కువా? వాంతులున్నాయా? చూపు ఎలా ఉంది?

కంగారు పెట్టడానికి కాదు. నేనేమీ డాక్టర్ని కాను, పూలు గీసుకునేదాన్ని. అయినా ఒకసారి కిందికి దిగి కనిపించి వస్తే పోయేదేముంది? ఎవరో నవ్వుతారనా?

మెదిహా బాగుంది, సలాములు చెప్పమంది.

వెంటనే రాయి.

షాజియే

*

కెస్తానెలిక్
22 సెప్టెంబరు 1991

అక్కా,

నువ్వు కూడా డాక్టరులా ప్రశ్నలు మొదలుపెడితే ఎలా? నీ ఒక్కదానికే కదా నేను తలనొప్పి గురించి రాసేది. హడావిడి చెయ్యకు అన్నది నువ్వు, కిందికి దిగు అంటున్నదీ నువ్వే. నాలుగోసారి వెళ్ళి, నాలుగోసారి "ఏమీ లేదు" అనిపించుకుని వస్తే ఈ కొండ మీద నేను తలెత్తుకోగలనా? యాకూప్ లేడు. మూడో కోత నడుస్తోంది. కొనుగోలు కేంద్రంవాళ్ళు రోజుకింత అని ఆకు తీసుకుంటారు, ఆ రోజు తప్పితే ఆకు ముదిరిపోతుంది. అత్తకి అరవై ఆరేళ్ళు, ఒక్కతే ఎంతని కోస్తుంది?

అడిగావు కాబట్టి చెప్తాను. పొద్దున ఎక్కువ. వాంతి అవుతుంది, అయ్యాక కాస్త నయం. చెవుల్లో హోరు, మా వాగు లోపలికొచ్చినట్టు. చూపు సంగతి కొంచెం తమాషాగా ఉంది. దూరం చూస్తే ఎదుటి కొండ మీద ఇంకో కొండ. మొన్న ఎల్మాస్ బడి నుంచి వస్తుంటే దారిలో ఇద్దరు ఎల్మాసులు పక్కపక్కనే నడిచొచ్చారు. ఒక కన్ను మూస్తే ఒక్కతే అయింది. పేదవాళ్ళకి దేవుడు ఊరికే ఇంకో పిల్లనిచ్చాడని నవ్వుకున్నాను. అలసట అక్కా, అంతే.

భయం వేయడం లేదా అంటే, వేసింది. కానీ మెదిహా ఉంది కదా. ఆసుపత్రిలో ఆమె కూడా దిళ్ళు పేర్చుకుని కూర్చునే నిద్రపోయేది, మనం గురక పెట్టే బామ్మ అని ఏడిపించేవాళ్ళం. ఆమె కూడా "నాకు నర్సమ్మలు ఇద్దరిద్దరు కనిపిస్తున్నారే" అంది ఒకసారి. ఆమెకి అంతా తగ్గిపోయి కోన్యాలో హాయిగా ఉందంటే నాకు మాత్రం ఎందుకు తగ్గదు? పొద్దున లేవగానే అదే అనుకుంటాను. మెదిహాకి తగ్గింది, నాకూ తగ్గుతుంది. ఎన్నాళ్ళకి తగ్గిందో, ఏం చేసిందో ఈసారి తమ్ముడి చేత వివరంగా రాయించమను.

వరసలు ఒకదాని మీదొకటి ఎక్కుతున్నాయి, చదువుకోగలవనుకుంటాను.

గులిజార్

*

టెలిగ్రాం
కుతాహ్యా, 1 అక్టోబరు 1991

కెస్తానెలిక్, హనీఫే గారికి. మీ కోడలికి అన్నీ రెండుగా కనిపిస్తున్నాయి. మీకు చెప్పలేదు. ఇది పాత తలనొప్పి కాదు. ఈరోజే ట్రాబ్‌జోన్ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. కంటి లోపల చూడమనండి. చెయ్యి పట్టుకు బతిమాలుతున్నాను. షాజియే.

*

కుతాహ్యా
1 అక్టోబరు 1991

గులిజార్,

టెలిగ్రాం ఇచ్చి వచ్చి ఇది రాస్తున్నాను. ఇది నీకందేసరికి నువ్వు ఆసుపత్రిలో ఉండాలి. లేకపోతే ఈ కాయితం కింద పెట్టి లేచి నడు.

మెదిహా లేదు.

పోయినేడు జనవరిలో చనిపోయింది. నేను రాసిన ఉత్తరానికి వాళ్ళ తమ్ముడు జవాబు రాశాడు. తలపోటుతో పన్నెండు రోజులు బాధపడిందట. ఆసుపత్రికి వెళ్దామంటే, "ఆ ఫొటోలు ఎన్నిసార్లు తీయించుకోను, ఇస్తాంబుల్లో బోలెడు తీశారు" అందట. పదమూడో రోజు రొట్టెలు కాల్చే పొయ్యి దగ్గర పడిపోయింది. కోన్యా ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి స్పృహ లేదు. తలలోంచి రక్తం కిందికి దిగే సిరలో గడ్డ కట్టిందని చెప్పారట. మొదటి రోజుల్లో వచ్చి ఉంటే మందుతో కరిగేదట.

ఆ ఉత్తరం అందిన వారంలోనే నీ ఉత్తరం కూడా వచ్చింది. అప్పుడే నీకు మొదటిసారి తలనొప్పి. "చచ్చిపోతానా అక్కా" అని రాశావు, కాయితం మీద చుక్కలు పడి సిరా చెదిరి ఉంది. మరునాడు ట్రాబ్‌జోన్ వెళ్తున్నానన్నావు. అలాంటిదానికి మెదిహా చచ్చిపోయిందని ఎలా రాయను? "మెదిహా బాగుంది" అని రాశాను. నీ ఫొటోలో ఏమీ లేదని తెలిశాక చెబుదామనుకున్నాను. తెలిసింది. చెప్పలేదు. నువ్వు మళ్ళీ ఆమె గురించి అడిగావు, నేను మళ్ళీ సలాములు పంపాను. మిఠాయి బాకీ మాట నేనే కల్పించాను. ఒకసారి రాశాక రెండోసారి సులువైపోయింది గులిజార్, మూడోసారికి నిజంగా ఆమె నుంచి ఉత్తరం వచ్చినట్టే ఉండేది. ఆమెలా మాట్లాడుతూ రాస్తుంటే ఆమె నా గదిలోనే ఉన్నట్టుండేది.

నువ్వు ఆ చచ్చినదాన్ని చూసుకుని ధైర్యం తెచ్చుకుని ఇంట్లో కూర్చున్నావని మొన్నటి ఉత్తరంలో చదివాక చేతిలో ఉన్న పలక జారి పగిలింది. మేస్త్రీ తిట్టాడు, వినపడలేదు.

వచ్చిన చుట్టం వెళ్ళకుండా ఉంటుందా అని రాశాను నీకు. అన్ని తలనొప్పులూ చుట్టాలు కావు. ఆ సంగతి తెలిసి కూడా రాశాను.

తిట్టుకో. ఉత్తరాలు మానెయ్. ఆసుపత్రికి మాత్రం వెళ్ళు. నాలుగోసారి కూడా ఏమీ లేదంటే, ఐదోసారి కూడా వెళ్ళు. నవ్వేవాళ్ళకి నా పేరు చెప్పు.

షాజియే

*

ట్రాబ్‌జోన్
9 అక్టోబరు 1991

షాజియే అమ్మకు హనీఫే చెప్పి రాయించేది. రాసేది ఇక్కడి నర్సమ్మ. నాకు చదువు రాదు. నేనెలా చెబితే అలాగే రాయమన్నాను, బాగుచెయ్యొద్దన్నాను.

నీ టెలిగ్రాం ఊరిపెద్ద తెచ్చి అరుగు మీద నిలబడి చదివాడు. నాకు ముందు ఒళ్ళు మండింది. ఎవరీ కుతాహ్యా ఆవిడ, నా ఇంటి సంగతి నాకు చెప్పడానికి? తర్వాత గుర్తొచ్చింది. అంతకు రెండు రోజుల ముందు కోడలు టీ పోస్తూ గ్లాసు పక్కన పోసింది. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని తిట్టాను. చెయ్యి కాలినా అది గుడ్డ తెచ్చి బల్ల తుడిచింది. ఎక్కడో కుతాహ్యాలో ఉన్నదానికి తెలుసు, ఒకే పెనం మీది రొట్టె తినే నాకు తెలీదు.

లోపలికి వెళ్ళి రెండు వేళ్ళు చూపించి "ఎన్ని?" అన్నాను. ఒక కన్ను మూసుకోబోయింది. "మూయకు, రెండూ తెరిచి చెప్పు" అన్నాను. "నాలుగు అత్తా" అంది, ఏడ్చింది.

అప్పటికి మూడు రోజులుగా వాన. మా కొండ విరిగి దారి రెండు చోట్ల కొట్టుకుపోయింది. జీపు రాదు. అది నడవలేదు, నాలుగడుగులు వేస్తే పడిపోతోంది. తేయాకు మోపులు కింది రోడ్డుకి దింపడానికి మాకు తీగ ఉంటుంది, దాని మీద నడిచే చెక్క తొట్టి ఉంటుంది. మనుషులు ఎక్కకూడదని బోర్డు రాసిపెట్టారు. నాకెలాగూ చదువు రాదుగా. కోడల్ని అందులో కూర్చోబెట్టి, మోకులతో కట్టి, పడుకోనివ్వకుండా వెనక ఆకుమోపు ఆనించాను. "అత్తా, నువ్వు?" అంది. "నీ వెనకే నేనూ ఓ ఆకుమోపునే" అని నేనూ ఎక్కాను. మోటారు దగ్గరున్నవాడు దణ్ణం పెట్టాడు, నా వల్ల కాదని. "నీ పేరు పోలీసులకు చెప్పనురా, ముందు తిప్పు" అన్నాను. కింద వాగు, మీద వాన. అరవై ఆరేళ్ళలో నేనెప్పుడూ దాన్ని ఎక్కలేదు. దారంతా కోడలి తల రెండు చేతులతో పట్టుకునే ఉన్నాను, ఎక్కడా తగలకుండా.

కింద చేపల లారీ వాడు ఎక్కించుకున్నాడు.

ఇక్కడ మొదట తల ఫొటో తీశారు. బాగానే ఉందన్నారు. కోడలు లేవబోయింది, "చూశావా అత్తా" అంది. నేను టెలిగ్రాం తీసి డాక్టరు బల్ల మీద పెట్టాను. "ఇందులో కంటి లోపల చూడమని ఉంది, చూడందే కదలం" అన్నాను. ఆయన నన్ను కసరలేదు. "చూడాల్సిందే, పిలుస్తున్నాను" అన్నాడు. కంటి డాక్టరమ్మ దీపం పెట్టి రెండు కళ్ళూ మళ్ళీ మళ్ళీ చూసింది. కంటి వెనక నరం వాచిపోయిందంది. ఇంకో పెద్ద యంత్రంలో పెడితే తలలోని సిరలో గడ్డ కనిపించింది. వెన్నులో సూది వేశారు. ఇప్పుడు వారం నుంచి సీసాలు ఎక్కిస్తున్నారు. నొప్పి తగ్గింది, పడుకుని నిద్రపోతోంది. ఇవాళ వేళ్ళు సరిగ్గా లెక్క చెప్పింది. కుడి కంట్లో మాత్రం పక్కల చీకటి అలాగే ఉంది. అది పోతుందో లేదో చెప్పలేమన్నారు.

యాకూప్ వచ్చాడు. నడవాలో మొహం గోడకి పెట్టుకు ఏడుస్తున్నాడు. వాణ్ణి ఏమీ అనలేదు. ముందు నవ్వింది నేనే.

నీ ఉత్తరం కూడా ఊరి నుంచి ఇక్కడికొచ్చింది. కోడలు చదువుకుంది. చదివి దిండు కింద పెట్టి అటు తిరిగి పడుకుంది. ఏముందని అడిగితే చెప్పలేదు. ఏం రాశావమ్మా?

*

కెస్తానెలిక్
28 నవంబరు 1991

షాజియే అక్కకు,

ఇంటికొచ్చి పది రోజులైంది. కుడి పక్కన ఎవరైనా నిలబడితే మాట్లాడేదాకా తెలియడం లేదు. ఎల్మాస్ ఇప్పుడు నా ఎడమ పక్కనే నడుస్తుంది, ఎవరూ చెప్పకుండానే. బుగ్గలు మందుకి ఉబ్బాయి. రక్తం పలచబడే మాత్ర, ఇంకా రెండు రకాలు. ప్రాణం మిగిలింది. మిగల్చింది నువ్వూ, మా అత్తా.

అయినా నీ మీద కోపంగా ఉంది. ఎంత కోపమంటే ఈ ఉత్తరం నాలుగుసార్లు చించేశాను. నా పిల్ల మొహం రెండుగా కనిపించిన రోజు నేను ఏడవకుండా కూర్చున్నది మెదిహాని తలుచుకునే. ఆమెతో మనసులో మాట్లాడేదాన్ని. ఏడాదిన్నరగా మట్టిలో ఉన్న మనిషి కోసం మిఠాయి కొని డబ్బాలో దాచాను. పోస్టు చేద్దామనుకున్నాను.

ఒక్కసారి ఏడ్చేదాన్ని. నాలుగు రోజులు అన్నం మానేసేదాన్ని. తర్వాత తెలివి తెచ్చుకుని, కూర్చుని నిద్రపోయిన మొదటి రోజే కిందికి దిగేదాన్ని. నన్ను చిన్నపిల్లని చేశావు.

ఇప్పుడప్పుడే రాయకు. నేను రాసేదాకా రాయకు.

గులిజార్

*

కుతాహ్యా
2 ఫిబ్రవరి 1992

గులిజార్,

రాయొద్దన్నావు. రెండు నెలలు ఆగాను. ఇప్పుడు ఆగలేక రాస్తున్నాను. నచ్చకపోతే పొయ్యిలో పడెయ్.

క్షమించమని అడగను. నువ్వు రాసిందాంట్లో తప్పు ఒక్కటీ లేదు. కోన్యా వెళ్ళొచ్చాను. మెదిహా సమాధి ఊరి చివర, మంచు కింద. వాళ్ళ తమ్ముడు చూపించాడు. ఇన్నాళ్ళూ నేను ఆమె పేరుతో సలాములు పంపుతున్నానని చెప్పాను. కొట్టినా బాగుండేది. "మా అక్కని నువ్వైనా బతికించుకున్నావు" అన్నాడు. బస్సులో దారంతా ఆ మాటే.

ఇంకొకటి కూడా దాచాను. వారానికి రెండుసార్లు తలనొప్పి అని నేను నీకు వేళాకోళంగా రాసేదాన్ని కదా. అది నిజమే, అది పాతది, దానితో నాకు బాధ లేదు. డిసెంబరు నుంచి ఇంకో రకం వస్తోంది. మెడ వెనక మొదలై పైకి పాకుతుంది. ప్రతి రోజూ ఉంది. మూడు రోజులుగా కుడి చెయ్యి తిమ్మిరి, కుంచె పట్టుకుంటే గీత నేను చెప్పిన చోటికి పోవడం లేదు. సబహత్ "చలికి" అంటుంది. నేనూ "చలికే" అంటాను. నీకు చెప్పినవన్నీ నాకు నేను చెప్పుకుంటున్నాను.

ఉన్నది ఒక్క కన్ను. గీసేది ఒక్క చెయ్యి. ఇస్తాంబుల్లో మన వార్డుకి ఫోను చేశాను. సోమవారం పదో తేదీ పొద్దున రమ్మన్నారు. ఏమైనా ఉండొచ్చు, ఏమీ లేకపోవచ్చు. ఏమీ లేదంటే మేస్త్రీ నవ్వుతాడు. ఏమన్నా ఉందంటే... పదిహేనేళ్ళలో ఈ మాట ఎవరితోనూ అనలేదు గులిజార్. భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

నువ్వు జవాబు రాయనక్కర్లేదు. ఎవరో ఒకరికి నిజం చెప్పాలనిపించింది, నువ్వు తప్ప ఎవరూ గుర్తురాలేదు.

షాజియే

*

టెలిగ్రాం
కెస్తానెలిక్, 6 ఫిబ్రవరి 1992

షాజియే అక్కకు. ఒంటరిగా వెళ్ళకు. రేపటి బస్సెక్కుతున్నాం. సోమవారం పొద్దున వార్డు తలుపు దగ్గర ఉంటాం. అత్త కూడా వస్తోంది. డాక్టర్లతో తనే మాట్లాడుతుందట. కోపం తగ్గలేదు. నీకు చూపు లేని ఎడమ పక్కన నడుస్తాను. గులిజార్.